పులుపు తగ్గని ఆకు

తెల్లవారుజామున ఐదూ పదికి కంచె కాపలావాడు జోలా వాకీటాకీలో మాట్లాడాడు. "నలభయ్యో స్తంభం. కంచె బాగానే ఉంది." ఐదూ నలభైకి మళ్ళీ మాట్లాడాలి. మాట్లాడలేదు. ఆరూ యాభైకి ఉత్తరపు వాలులో బోర్లా పడి కనిపించాడు. తల వెనక పగిలింది. కంచె తట్టి చూసే కర్ర చేతిలోనే ఉంది. నడుముకి ఉండాల్సిన వాకీటాకీ మాత్రం లేదు.

ఇంతవరకూ నిజం. తక్కినదంతా డేవాల్ట్ క్రీల్ చెప్పింది.

పోలీసుశాఖలో పశువుల దొంగతనాలు చూసే సార్జెంట్ బుకెల్వా పదకొండింటికి జీపు దిగేసరికి క్రీల్ కేసు ముగించి కాఫీ తాగుతున్నాడు. ఈ అడవిని నడిపే కంపెనీకి అతను కాపలాదళం పెద్ద. సైన్యం అతన్ని వదిలి పదిహేనేళ్ళయినా కెప్టెన్ అన్న పిలుపు అతన్ని వదల్లేదు. బూట్లలో మొహం చూసుకోవచ్చు. బుకెల్వాకి ఆ మొహం చూడాలనిపించలేదు.

"మనిషి చచ్చిపోయాడంటే మేకల పోలీసుని పంపించారా?" అన్నాడు క్రీల్.

"హత్యలు చూసేవాళ్ళు పట్నంనుంచి రేపొస్తారు. అందాకా మీ తెలివిని కాపలా కాయమన్నారు, కెప్టెన్ గారూ," అంది బుకెల్వా.

అతను చెప్పిన కథ చిన్నది. ఉత్తరపు వాలులో నాలుగు సైకాడ్ చెట్లను ఎవరో వేళ్ళతో సహా తవ్వుకుపోయారు. చూడటానికి పొట్టి ఈతచెట్లలా ఉండే ఆ చెట్లు నూరేళ్ళకు మూరెడు పెరుగుతాయి. పట్నంలో తోటల పిచ్చివాళ్ళు వాటికోసం ఏమైనా ఇస్తారు. జోలా అడ్డొచ్చాడు, చచ్చాడు. పక్కనే ఒక పార దొరికింది. పార మొన్వాబిసిది. మొన్వాబిసి కంచె అవతల మేకలు మేపేవాడు, అడవిని బాహాటంగా తిట్టేవాడు. ఎనిమిదిన్నరకల్లా క్రీల్ అతన్ని పట్టుకొచ్చి పనిముట్ల కొట్టులో పెట్టి తాళం వేశాడు.

"నాలుగింటికి మేనేజర్ సంతకం పెడతాడు. గేటు మూసేస్తాం," అన్నాడు చివర్లో, కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసుకుంటూ.

అసలు కేసు అది. ఒకప్పుడు ఇవి మూడు మేకల ఫారాలు. వందేళ్ళు మేకలు మేసి మేసి కొండల ఎముకలు బయటపెట్టాయి. కోర్టు ఆ నేలను పాత జీతగాళ్ళ కుటుంబాలకు తిరిగి ఇప్పించాక, ఊరు కూర్చుని మాట్లాడుకుని దాన్ని అడవికి ఇచ్చింది. నేల ఊరిది, నడపడం కంపెనీది. ఊరి ఆడవాళ్ళు అరవైమంది ఆరేళ్ళుగా ఆ వాలుల్లో ఇగ్వానిషె అనే పొద కొమ్మలు నాటుతున్నారు. పొద నిలిస్తే మట్టి నిలిచింది, మట్టి నిలిస్తే జింకలొచ్చాయి, నిరుడు ఖడ్గమృగాలు కూడా వచ్చాయి. అరవై ఇళ్ళలో పొయ్యి ఆ కొమ్మల మీదే వెలుగుతోంది. ఒప్పందంలో మాత్రం ఒక మాట ఉంది: లోపల జరిగిన నేరంలో ఊరివాళ్ళ చెయ్యి ఉంటే, వాళ్ళు లోపలికి రాకుండా కంపెనీ గేటు మూసుకోవచ్చు. నాటిన చేతులు బయట, నాటిన అడవి లోపల.

ఆ మాట రాసినవాడెవడో వాడు జన్మలో ఒక మొక్క నాటి ఉండడనుకుంది బుకెల్వా.

ముందు జోలా ఇంటికి వెళ్ళింది. అతని భార్య మాడ్లోమో గదిలో గోడవైపు తిరిగి నేలమీద పరుపుపై కూర్చుని ఉంది. నల్ల దుప్పటి తలమీంచి కప్పుకుంది. పక్కన కొవ్వొత్తి. మగడు మట్టిలోకి వెళ్ళేదాకా ఆ పరుపు దిగకూడదు. ఇల్లు కాలుతున్నా దిగదని ఊళ్ళో అంటారు. చుట్టూ ఆడవాళ్ళు సన్నగా పాడుతున్నారు. బుకెల్వా అడిగిన వేటికీ ఆమె జవాబు చెప్పలేదు. లేవబోతుంటే మాత్రం గోడతో అన్నట్టు అంది.

"ఉత్తరానికెందుకు పోయాడు? ఇయ్యాల ఆయనది దక్షిణం కదా."

దుఃఖంలో ఉన్న మనిషి మాట అనుకుని బుకెల్వా తలూపి బయటికొచ్చింది. కాపలా పుస్తకం చూస్తే ఆ మాట నిజమే. గురువారం జోలాది దక్షిణపు కంచె, ఐదింటినుంచి. ఆరింటినుంచి ఉత్తరం చూడాల్సినవాడికి మోకాలు వాచింది. ఐదింటికి గేటు దగ్గర ఇద్దరూ నోటిమాటగా మార్చుకున్నారు, జోలా అప్పుడే ఉత్తరానికి బయల్దేరాడు. కాబట్టి చంపినవాడికి కాపలా పట్టిక తెలుసు, ఆ మార్పు తెలియదు. ఆరింటిదాకా ఉత్తరానికి ఎవరూ రారని ధీమాగా తవ్వుతున్నాడు.

పట్టిక వేలాడేది కంపెనీ ఆఫీసులో. మొన్వాబిసిని ఆఫీసు మెట్టు కూడా ఎక్కనివ్వరు.

ఆ మాటే క్రీల్‌తో అంది. ఊళ్ళో చెవులకు తాళాలుండవని అతను నవ్వాడు.

ఉత్తరపు వాలులో గుంటలు నాలుగూ చూసింది. ఇరుకైన, లోతైన గుంటలు. అంచుల్లో మూడు వేళ్ళ వెడల్పున గడ్డపలుగు గాట్లు. మట్టి ఎర్రగా, పచ్చిగా ఉంది. రాళ్ళమీద ఒక బండి చక్రాల జాడ. క్రీల్ సంచిలో కట్టి మురిపెంగా పట్టుకొచ్చిన పారను అడిగి తీసుకుని వాసన చూసింది. రేకు నిండా ఎండిన మేకపెంటిక, అంచున కొద్దిగా ఎర్రమట్టి.

"కెప్టెన్ గారూ, ఇది దొడ్డి ఊడ్చే పార. జానెడు వెడల్పుంది. దీంతో ఈ గుంట తవ్వి చూపించండి, మీ బూట్లు నేను తుడుస్తాను."

"ఎర్రమట్టి ఉంది కదా."

"అంచునే ఉంది. తవ్విన పార మెడదాకా ముణుగుతుంది. దీన్ని ఎవరో తీసుకొచ్చి, మట్టిలో ఒకసారి గుచ్చి, మీకు కనబడేలా పెట్టారు. మీకు కనబడాలంటే మరీ కష్టపడక్కర్లేదని వాళ్ళకి తెలుసు."

క్రీల్ మెడ ఎర్రబడింది. చక్రాల జాడ గురించి అడిగితే, అది ఫుమ్లాని వ్యానుదని, దానికి లెక్క ఉందని అన్నాడు. ఫుమ్లాని కంపెనీ తరఫున ఊరితో మాట్లాడే అధికారి. పట్నంవాడు. రేపు పట్నంలో ఒక బళ్ళో పిల్లలచేత మొక్కలు నాటిస్తాడట. అందుకని పొద్దున వచ్చిన ఠాణా పోలీసులు కొలతలు తీసుకుని వెళ్ళాక, ఈ మధ్యాహ్నం రెండింటికి వచ్చి ఆ వాలులోనే కొమ్మలు కోసి వ్యాను నింపుకున్నాడు. ఆడవాళ్ళను లోపలికి రానివ్వలేదు కనక తనే కోసుకున్నాడు పాపం. గేట్లు తెరవగానే బయల్దేరతాడు.

"హత్య జరిగిన చోట, తొమ్మిది గంటలు తిరక్కుండా, కొమ్మలు కోసుకోనిచ్చారా?"

"వాడు మావాడు," అన్నాడు క్రీల్. అతని దృష్టిలో అది జవాబే.

అప్పటికి రెండూ ముప్పావు. పనిముట్ల కొట్టు తాళం తీయించి మొన్వాబిసిని కూర్చోబెట్టింది. అతనికి భయం లేదు, చికాకు ఉంది. పాలు పిండే వేళకు పట్టుకొచ్చారని, మేకలు అరుస్తుంటాయని విసుక్కున్నాడు. అడవి అంటే పడదని ఒప్పుకున్నాడు. నక్కలు పెరిగి తన మేకపిల్లల్ని తింటున్నాయని, జోలాతో సభలో కొట్లాడానని కూడా ఒప్పుకున్నాడు.

"మరి చంపావా?"

"చంపేవాణ్ణయితే ఆ బూట్లవాణ్ణి చంపుదును కదా పోలీసమ్మా. జోలా ఏం పాపం చేశాడు? కంచె తెగితే నా మేకల్ని వెనక్కి తోలి పంపేది ఆయనే."

తెల్లవారుజామున ఏమైనా విన్నావా అని అడిగింది. చీకటి ఇంకా విడవకముందు కంచె ఇవతల బండి రేకు తలుపు దబ్బున పడిన చప్పుడైందన్నాడు. దీపాలు లేవు, చప్పుడొకటే. కెప్టెన్‌తో చెబితే మేకల్ని సాక్ష్యానికి తెమ్మన్నాడట.

బయటికొస్తే గేటు అవతల ఆడవాళ్ళు నేలమీద వరసగా కూర్చుని ఉన్నారు. చావింట్లో పాడేవాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి వచ్చి చేరుతున్నారు. నాలుగింటికి తమ బతుకు ఎటు పోతుందో కళ్ళతో చూడాలని. నాటేవాళ్ళకు పెద్ద అయిన నోఖ్వేజి, డెబ్బై ఏళ్ళ మనిషి, కడ్డీల సందులోంచి నూనెలో వేయించిన బోండాలాంటి రొట్టె ఒకటి అందించింది.

"తిను తల్లీ. ఆ బూట్లాయన నీకు నీళ్ళన్నా ఇచ్చుండడు."

బుకెల్వా తింటూ, ఫుమ్లాని కొమ్మల సంగతి చెప్పింది. నోఖ్వేజి ముందు అర్థంకానట్టు చూసింది. తర్వాత నవ్వింది. పళ్ళు లేని నవ్వు, పదిమందికి పాకింది.

"పచ్చి కొమ్మలు కోసి రేకుడబ్బాలో మూసేశాడా? కుళ్ళిపోవూ? కోసిన కొమ్మ వారం నీడలో పడుండాలి, గాయం ఎండాలి. అప్పుడు కదా నాటేది. ఆరేళ్ళుగా మాకు మొక్కల గురించి ఉపన్యాసాలిస్తున్నాడు, ఆ ముక్క తెలీదా వాడికి?"

ఇగ్వానిషె ఆకు గుండ్రంగా, దళసరిగా, గంగపాయలాకులా ఉంటుంది. నోఖ్వేజి పక్కపొదలోంచి ఒకటి తుంచి అలవాటుగా నోట్లో వేసుకుంది.

"పెద్దమ్మా, అది పుల్లగా ఉండదూ? చిన్నప్పుడు మా అమ్మమ్మ కూరలో వేసేది."

"పొద్దున పులుపు. ఇప్పుడు గడ్డి." ముసలామె ఆకు నమిలి ఊసింది. "రాత్రంతా పులుపు కూడబెట్టుకుంటుంది, పగలంతా ఎండలో ఖర్చుపెట్టేస్తుంది. అందుకే కూరకి పొద్దు పొడవకముందు కోస్తాం. కోసి కుండకింద మూసిపెడితే చాలు, చీకట్లో ఖర్చుండదు. సాయంత్రం వండినా నోరు జివ్వుమంటుంది."

బుకెల్వా నమలడం ఆపేసింది. గడియారం చూసుకుంది. మూడూ పది. రొట్టెముక్క జేబులో కుక్కుకుని, నోఖ్వేజిని తనతో లోపలికి పంపమని కాపలావాణ్ణి గద్దించి, షెడ్డువైపు నడిచింది.

వ్యాను నీడలో ఉంది. రేకు పెట్టె, కిటికీల్లేవు, తలుపు గడియ వేసి ఉంది. క్రీల్ పరుగులాంటి నడకతో వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. అది కంపెనీ ఆస్తి, వారెంటు కావాలన్నాడు. బలమైన అనుమానం ఉంటే వారెంటు అక్కర్లేదని, గడియ తీసి ఒక్క కొమ్మ ఇస్తే అనుమానం ఉందో లేదో తేల్చుకుంటానని అంది బుకెల్వా. ఒక్క కొమ్మే కదా అని అతను వెటకారంగా తలుపు సందు చేసి లాగి ఇచ్చాడు.

ఆమె ఒక ఆకు నమిలింది. దవడలు పట్టేశాయి. ఇంకోటి నోఖ్వేజికిచ్చింది. ముసలామె మొహం ముడుచుకుపోయింది.

"పొద్దు పొడవకముందు ఆకు," అంది నోఖ్వేజి.

"ఇప్పుడు మీరు, కెప్టెన్ గారూ."

"నాకేం ఖర్మ. కోర్టులో జడ్జీతో ఆకులు నమిలిస్తావా?"

"కోర్టు సంగతి తర్వాత. ముందు మీరు నమలండి. బయటి పొదది ఒకటి, వ్యానులోది ఒకటి. రెండూ మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో ఉన్నవే అయితే రుచి ఒకటే ఉండాలి. లేదా గేటు దగ్గర అరవైమంది ఉన్నారు, వాళ్ళచేత నమిలిస్తాను. అరవై సాక్ష్యాలు. మీ దగ్గరున్నది ఒక పార."

క్రీల్ బయటి ఆకు నమిలాడు. ఏమీ లేదన్నట్టు భుజాలు ఎగరేశాడు. వ్యాను ఆకు నమిలాడు. మెరిసే బూట్ల మధ్యలో ఉమ్మేశాడు.  తర్వాత తనే తలుపు బార్లా తీసి కొమ్మలు కిందికి ఈడ్చడం మొదలుపెట్టాడు. మూర్ఖుడే కాని, తప్పు కళ్ళకు కనబడితే కళ్ళు మూసుకునే రకం కాదని బుకెల్వా ఆ ఒక్క క్షణం ఒప్పుకుంది.

కొమ్మల కింద టార్పాలిన్. టార్పాలిన్ కింద నాలుగు సైకాడ్ మొదళ్ళు, వేళ్ళకు తడిగోనెలు చుట్టి, పసిపిల్లల్లా పడుకుని ఉన్నాయి. పక్కన ఇరుకు మూతి గడ్డపలుగు. దాని వెనకవైపు నెరిసిన వెంట్రుకలు రెండు అంటుకుని ఉన్నాయి.

"ఫుమ్లాని ఎక్కడ?"

మూడింటికే జోలా ఇంటికి వెళ్ళాడని కాపలావాడు చెప్పాడు. కంపెనీ తరఫున రెండు దుప్పట్లు పట్టుకుని, ఇంకో కంపెనీ వ్యానులో, పరామర్శకి.

క్రీల్ గొంతు సవరించుకున్నాడు. "అయితే... మావాడే. ఊరివాడు కాదు. మేనేజర్‌కి చెబుతాను, సంతకం అక్కర్లేదని." మొన్వాబిసిని వదిలేయమని ఎవరికో సైగ చేశాడు. క్షమాపణ లాంటిదేదో అతని నోటిదాకా వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. అతను ఆఫీసువైపు వెళ్ళాడు.

ఇక ఊరికి గేటు మూయరు. బుకెల్వా ఊపిరి వదిలి, పడేసిన కొమ్మల్ని కాలితో కదిపింది. అడుగున ఒక కట్ట విడిగా ఉంది. తక్కినవన్నీ వంకరటింకరగా విరిచినవి. ఈ కట్టలోవి మాత్రం కణుపు కింద ఏటవాలుగా, నీటుగా తెగి ఉన్నాయి. మధ్యలో పసుపుమీద గోధుమచుక్కల గుడ్డముక్కతో, రెండు మెలికలేసి ముడి.

పక్కన నోఖ్వేజి నిలబడిపోయింది.

నాటేవాళ్ళు ఎవరి కట్టకు వాళ్ళు తమ పాత లంగాగుడ్డ చింపి ముడేస్తారు. మొక్క చస్తే అది ఎవరి చేతిదో తెలియాలని. ఆరేళ్ళ అలవాటు. చీకట్లో, దొంగపనిలోనైనా చేతులు కట్ట కట్టగానే ముడేసేస్తాయి.

"ఎవరిది పెద్దమ్మా?"

ముసలామె నేలవైపు చూసింది. "మాడ్లోమోది."

బుకెల్వా కట్టను చేతిలోకి తీసుకుంది.

"కూతురికి పట్నంలో చదువు ఇప్పిస్తానన్నాడు వాడు," అంది నోఖ్వేజి మెల్లగా. "కొమ్మలు కోసిపెట్టమని ఉంటాడు, కోసింది. కింద ఏం దాస్తున్నాడో చూసి ఉండదు. చూసినా, మొగుడు దక్షిణం పోయాడనుకుంది. అమ్మాయ్, నువ్వు ఆ గుడ్డ చూడలేదనుకో. అరవై ఇళ్ళు."

గోడతో అన్న మాట అప్పుడు అర్థమైంది. *ఉత్తరానికెందుకు పోయాడు?* అది ఏడుపు కాదు, ఒప్పుకోలు. పొద్దుటినుంచి ఊళ్ళో ప్రతివాడి బుర్రనూ తూకం వేసి తేలికని తేల్చిన బుకెల్వా, చేతికి అందిన ఆ ఒక్క మాటలో కాపలా పట్టికని మాత్రమే చూసింది, ఒప్పుకోలుని చూడలేదు. రోజంతా అందరిమీదా చిమ్మిన చులకన వెనక్కి తిరిగి వచ్చి ఆమె మొహాన పడింది.

గుడ్డముక్క విప్పి జేబులో పెట్టుకుంది. సాక్ష్యాల సంచిలో కాదు, జేబులో. తర్వాత పరిగెత్తింది.

పాడే ఆడవాళ్ళంతా గేటు దగ్గరికి వచ్చేశారు. ఇంటి తలుపు చేరవేసి ఉంది. గదిలో మడత విప్పని కొత్త దుప్పట్లు రెండు. కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది.

పరుపు ఖాళీగా ఉంది. నల్ల దుప్పటి గుమ్మందాకా ఈడ్చుకుపోయి అక్కడ పడి ఉంది.

ఎవరు తీసుకెళ్ళారో అడగక్కర్లేదు. ఆ కట్ట ఎవరికోసం, ఎప్పుడు కోసిందో చెప్పగల ప్రాణి మాడ్లోమో ఒక్కతే. ఎటు తీసుకెళ్ళాడో మాత్రం తెలియదు. మూడు ఫారాలంత నేల. బుకెల్వా గుమ్మంలో నిలబడి వాలుల్ని చూస్తుండగా, నడుమున కంపెనీవాళ్ళిచ్చిన వాకీటాకీ గరగరమంది. తెరమీద ఏడో నంబరు వెలిగింది. అది పొద్దున చంపినవాడు పట్టుకుపోయిన వాకీటాకీ నంబరు. జోలాది.

ఆడమనిషి గొంతు. ఎవరికో వినబడకూడదన్నట్టు, పళ్ళ మధ్యనుంచి. ఆరేళ్ళుగా మగడి నోట విన్న వరసలోనే.

"దక్షిణం. పందొమ్మిదో స్తంభం. కంచె బాగాలేదు."

దబ్బున రేకు తలుపు చప్పుడు. ఆపైన ఏమీ లేదు.

నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ. పందొమ్మిదో స్తంభం నాలుగు కిలోమీటర్లు. జీపు చుట్టు తిరిగి వెళ్ళేసరికి పావుగంట. క్రీల్ దళానికి ఉన్న డ్రోనుకి రెండు నిమిషాలు చాలు, అతని మనుషులు దక్షిణపు గేటు దగ్గరే ఉన్నారు. పిలిస్తే వస్తాడు. ఎందుకని అడుగుతాడు. చెప్పాలి. చెబితే, ఊరి చెయ్యి ఉందని నాలుగింటికి అతను ఆ సంతకం పెట్టించవచ్చు.

జేబులో గుడ్డముక్క వేళ్ళకు తగిలింది.

బుకెల్వా మీట నొక్కింది. "క్రీల్."

"కెప్టెన్ క్రీల్," అని సరిదిద్దింది ఆ గొంతు. "ఏంటి మేకల పోలీసూ, ఇంకో ఆకు నమలాలా?"

"దక్షిణం, పందొమ్మిదో స్తంభం. నీ డ్రోను లేపు, మనుషుల్ని పరిగెత్తించు. ఫుమ్లాని జోలా భార్యని ఎత్తుకుపోయాడు. చంపేస్తాడు."

"ఆమెనెందుకు చంపుతాడు?"

కొవ్వొత్తి మంట ఒకసారి వంగి నిలబడింది. దూరంగా గేటు దగ్గర ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు, గేటు మూయడంలేదన్న కబురు అంది ఉంటుంది.

"కెప్టెన్ గారూ," అంది బుకెల్వా. ఈసారి ఆ పిలుపులో వెటకారం లేదు. "ఆమె సాక్షి. ఆ కొమ్మల్లో ఒక కట్ట ఆమె కోసింది. ముడి నా జేబులో ఉంది. ముందు ఆమెని బతికించు, తర్వాత నీ గేటు దగ్గర నేనూ నువ్వూ తేల్చుకుందాం."

అవతల మీట వదిలిన చప్పుడు. తర్వాత, ఎక్కడో ఉత్తరాన, డ్రోను రెక్కలు తిరగడం మొదలైంది.